ప్రారంభమవుతోంది, ఆపవద్దు

ప్రభుత్వ ఆఫీసుల్లో పని మొదలుకాదని ఆడిపోసుకునేవాళ్ళు మొన్నటి తొలకరిలో ఒక్కసారి మా మొగలిపాయ లాకుల ఆఫీసుకు వచ్చి ఉండాల్సింది. మా కంప్యూటరు ఒక సోమవారం ఉదయం పని మొదలుపెట్టింది. ఇక అక్కణ్ణుంచి రాత్రనక పగలనక మొదలుపెడుతూనే ఉంది. అంత నిష్ఠగా పని మొదలుపెట్టిన ఉద్యోగిని నా సర్వీసులో నేనింతవరకు చూడలేదు, అద్దంలో కూడా చూడలేదు.

నేనా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. నోటు రాయడంలో నాకు డివిజనంతటా పేరుంది. నా నోటు చదివిన అధికారికి సంతకం పెట్టకుండా ఉండటానికి కారణం దొరకదు. పెట్టాక దేనికి పెట్టాడో గుర్తుండదు. ఈ కథలో నా పాత్ర అంతవరకే. మిగిలిందంతా శాఖ గొప్పతనం.

మాది పెద్ద కాలువ గట్టు మీద ఆఫీసు. ఆఫీసుకు కూతవేటు దూరంలో ఒక తూము, దానికొక ఇనుప షట్టరు ఉన్నాయి. షట్టరు ఎత్తితే నీళ్ళు పిల్లకాలువలోకి దూకి శివారు పొలాలకు పోతాయి, దించితే పోవు. ఎత్తడానికీ దించడానికీ ఒక హ్యాండిలు ఉంది. తరతరాలుగా ఆ హ్యాండిలు తిప్పడమే లస్కరు పని. ఇప్పటి లస్కరు ఏసురత్నం కాలువలో నీటిమట్టం చూసి, గట్టు మీద నిలబడ్డ రైతుల మొహాలు చూసి, హ్యాండిలు తిప్పేవాడు. నీళ్ళు పోయేవి. ఇందులో పారదర్శకత లేదని పైవాళ్ళకు ఈమధ్యే తెలిసొచ్చింది.

అందుచేత డిజిటల్ నీటి విడుదల విధానం వచ్చింది. ఇకమీదట రైతు మొహం చూడక్కర్లేదు. కంప్యూటరు అన్నీ లెక్కగట్టి విడుదల ఉత్తర్వు అచ్చు వేసిస్తుంది. ఆ కాగితం చేతిలో లేకుండా లస్కరు హ్యాండిలు ముట్టుకుంటే సస్పెన్షను. ప్రారంభోత్సవానికి సూపరింటెండింగ్ ఇంజనీరు గారు స్వయంగా వచ్చారు. కొబ్బరికాయ కొట్టి, కంప్యూటరుకు పూలదండ వేసి, గంధం బొట్టు పెట్టారు. ఫొటోగ్రాఫరు ఆ ఫొటోలన్నీ ఒక పెన్ డ్రైవులో పెట్టి ఆయన చేతికిస్తే, ఆయన దాన్ని తన చేత్తో కంప్యూటరు వెనకాల గుచ్చి, తెర మీద తన ఫొటోలు తానే చూసుకుని, సంతోషించి వెళ్ళిపోయారు. పెన్ డ్రైవు మాత్రం అక్కడే ఉండిపోయింది. అంతటి పెద్దాయన గుచ్చినదాన్ని పీకే హోదా మా ఆఫీసులో ఎవరికీ లేదు.

ఆ తరవాతి సోమవారం పెద్ద కాలువకు నీళ్ళొచ్చాయి. మా అసిస్టెంట్ ఇంజనీరు పరబ్రహ్మం గారు స్నానం చేసి, విభూతి పెట్టుకుని వచ్చి, కంప్యూటరు మీట నొక్కారు. తెర వెలిగింది. దాని మీద చిన్న చిన్న చుక్కలు గుండ్రంగా తిరగసాగాయి. కింద చక్కని తెలుగులో అక్షరాలు పడ్డాయి.

'ప్రారంభమవుతోంది. దయచేసి వేచి ఉండండి. ఆపవద్దు.'

మేం వేచి ఉన్నాం. కాఫీలొచ్చాయి, తాగాం. భోజనాల వేళయింది, తినొచ్చాం. చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి.

అప్పుడొచ్చింది వీరవేణి. శివారులో రెండెకరాలు కౌలుకు చేసుకునే మనిషి. భర్త పోయాక ఒంటిచేత్తో సేద్యం నెట్టుకొస్తోంది. పాదాలకు అంటిన మట్టి చూసుకుని గడప బయటే నిలబడింది.

"ఏఈ గారండీ, ఆకుమడి పోసేసి వారం దాటిపోయిందండి. చెరువులో అడుగునున్న నీళ్ళతో మొలకెత్తించానండి. ఇప్పుడు చెరువు కూడా ఎండిపోయిందండి. నారు నిలబడాలంటే కాలువ నీళ్ళే గతండి. తూము ఎప్పుడెత్తుతారండి బాబూ?"

పరబ్రహ్మం గారు వేలితో తెర చూపించారు. "చూశావా అమ్మా? ప్రక్రియ ప్రారంభ దశలో ఉంది."

"అంటే నీళ్ళొచ్చేత్తాయాండి?"

"ప్రారంభం పూర్తయిన పిమ్మట ఉత్తర్వు వెలువడుతుంది. ఉత్తర్వు వెలువడిన పిమ్మట నీరు."

వీరవేణి తలుపు సందులోంచి చుక్కల వంక కాసేపు చూసింది. "ఇది పొద్దుటేల నుంచీ ఇలాగే తిరుగుతుందటగదండి. ఓసారి ఆపేసి మళ్ళీ ఎయ్యండి. మా టీవీ బిగుసుకుపోతే అలాగే చేత్తామండి."

గదిలో అందరం ఉలిక్కిపడ్డాం. పరబ్రహ్మం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, తెర మీది మూడో వాక్యాన్ని పైకి చదివారు. "ఆపవద్దు. స్పష్టంగా ఉందా? ఇది మీ ఇంట్లో టీవీ కాదు. శాఖ వారి కంప్యూటరు."

ఆ సాయంత్రం ఆయన నన్ను పక్కకు పిలిచి ఒక ధర్మసందేహం అడిగారు. "ఏమయ్యా, ఆపవద్దు అన్నది ఎవరు? కంప్యూటరు అంటే సరా?"

నేను ఆలోచించి చెప్పాను. "కంప్యూటరు మనకు పంపింది డివిజను ఆఫీసండి. డివిజను ఆఫీసు పంపినదాని మీద ఉన్న మాట డివిజను ఆఫీసు మాటే కదండి. కింది ఆఫీసు వాళ్ళం మనం దాన్ని కాదనడం ఎలా కుదురుతుంది?"

ఆయన మొహం తేటపడింది. పైనుంచి వచ్చిన ఆదేశం పాటిస్తున్నామని తెలిస్తే మా శాఖలో ఎవరికైనా కంటినిండా నిద్ర పడుతుంది.

రెండు రోజులకు, కంప్యూటర్లు బాగుచేసే ఏజెన్సీ నుంచి షాహీనా అనే అమ్మాయి వచ్చింది. సంచీ దించీ దించకముందే కంప్యూటరు వెనక్కి వంగి చూసి నవ్వింది.

"సార్, వెనకాల పెన్ డ్రైవు ఉండిపోయింది. మొదలయ్యేటప్పుడు ఇది తన లోపలి డిస్కు వదిలేసి ఆ పెన్ డ్రైవులో వెతుక్కుంటున్నట్టుంది. అందులో ఫొటోలు తప్ప ఏమీ ఉండవు కదా. అక్కడే చిక్కుకుపోయింది. పెన్ డ్రైవు, ప్రింటరు, వేలిముద్రల మిషను, అన్నీ తీసేసి, ఈ మీట కాసేపు నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది. మళ్ళీ వేస్తే మామూలుగా వచ్చేస్తుంది. రాకపోతే అప్పుడు ఇంకోటి చూద్దాం."

ఆమె చెయ్యి మీట దాకా వెళ్ళింది. పరబ్రహ్మం గారు తన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగండమ్మా. మీరు ఆపమంటున్నారు. అది ఆపవద్దంటోంది. అది ప్రభుత్వానిది, మీరు అవుట్‌సోర్సింగు. నేనెవరి మాట వినాలి?"

"సార్, ఆ మాట మామూలుగా అందరికీ వేస్తుంది. అది ఆగిపోయిందని దానికే తెలీదు."

"ఆగిపోతే చుక్కలెందుకు తిరుగుతాయి?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి షాహీనాకు చాలాసేపు పట్టేది, మాకు అర్థం కావడానికి ఇంకా చాలాసేపు పట్టేది. అసలు పెన్ డ్రైవు తీయడమంటే సూపరింటెండింగ్ ఇంజనీరు గారిని పదవిలోంచి పీకినంత పని అని నేను నచ్చజెప్పాను. ఆదేశాన్ని ధిక్కరించి ఆపినందుకు వచ్చే పర్యవసానాలన్నీ తనవేనని రాసివ్వమన్నాం. పిల్ల తెలివైంది, రాయలేదు. అయితే మరమ్మతు పూర్తయ్యేదాకా రోజూ వచ్చి హాజరు వేయించుకోవాలన్నారు పరబ్రహ్మం గారు. అప్పటినుంచి షాహీనా రోజూ వచ్చి, కంప్యూటరుకు ఎదురుగా కూర్చుని, స్వెటరు అల్లుకునేది. మా ఊళ్ళో చలి లేకపోయినా ఆమె చేతికి పని కావాలి కదా.

ఇంతలో వీరవేణి రోజూ పొద్దున్నే పెద్ద కాలువలో బిందెలు ముంచి, గట్టు దిగి, ఎండిన పిల్లకాలువ పక్కనుంచి తన ఆకుమడి దాకా మోసుకెళ్ళడం కిటికీలోంచి కనిపించేది. కాలువ నిండా నీళ్ళు గట్టు ఒరుసుకుంటూ పోతుంటే, మనిషి బిందెతో మోయడం చూడటానికి నాకు బాగుండలేదు. కిటికీ రెక్క మూయించాను.

ధర్మసందేహాన్ని ఎందుకైనా మంచిదని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారికి నివేదించాం. ఆయన పేరు దక్షిణామూర్తి. పేరుకు తగ్గట్టే మితభాషి. ముసాయిదా మీరే పంపండి అని ఒక్క ముక్క అన్నారు. నేను కూర్చుని రాశాను. అందులో ఒక భాగం ఇప్పటికీ నాకు నోటికి వచ్చు.

'ప్రభుత్వ ఆస్తిపై ప్రారంభమవుతోంది, దయచేసి వేచి ఉండండి, ఆపవద్దు అను వాక్యములు ప్రదర్శితమైనచో, అవి శాఖాపరమైన ఆదేశములుగా పరిగణింపబడవలెను. సదరు వాక్యములు ప్రదర్శితమైన ఏ పరికరమును గాని, నిర్మాణమును గాని, ప్రక్రియను గాని, ఏ స్థాయి ఉద్యోగియైనను, ఏ కారణముచేతనైనను ఆపరాదు. ప్రారంభము తనంతట తాను పూర్తియగు పర్యంతము వేచియుండవలెను.'

కంప్యూటరు ఒక్కదాని కోసం ఇంత వాక్యం అక్కర్లేదు. కానీ వాక్యం బోసిగా ఉంటే నాకు నచ్చదు. అందుకని పరికరం పక్కన నిర్మాణం, నిర్మాణం పక్కన ప్రక్రియ చేర్చాను. దక్షిణామూర్తి గారు అక్షరం మార్చకుండా సంతకం చేసి, డివిజనంతటికీ పంపారు. దాన్ని మా నోటీసు బోర్డుకు అంటించాం.

ఇక ఆదేశం అమలు చేయాలి కదా. మా ఊళ్ళో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలీదు. కరెంటు పోతే కంప్యూటరు ఆగిపోతుంది. ఆగితే ఎవరు ఆపినట్టు? చర్చించి, షామియానాల వాళ్ళ జనరేటరు తెచ్చి ఆఫీసు వెనకాల పెట్టాం. కరెంటు పోయినప్పుడల్లా అది ఊరంతా వినబడేలా మోగేది. మా ఫ్యాన్లు ఆగిపోయేవి, చుక్కలు తిరిగేవి.

తరవాత కాపలా సంగతి వచ్చింది. ఎవరైనా తెలియక వచ్చి మీట నొక్కితే ఎలా? పరబ్రహ్మం గారు ఏసురత్నాన్ని పిలిచి, తూము దగ్గర డ్యూటీ మాని, కంప్యూటరు పక్కన కర్ర పట్టుకుని నిలబడమన్నారు.

"మరి షట్టరు దగ్గిరో అండి?" అన్నాడు ఏసురత్నం.

"ఉత్తర్వు లేకుండా షట్టరు లేవదు కదా. లేవనిదానికి కాపలా ఎందుకు?"

"ఆయ్, అలాగేనండి" అని ఏసురత్నం హ్యాండిలు తూము పక్క రేకుల షెడ్డులో వేలాడదీసి, కర్ర తీసుకుని వచ్చేశాడు.

ఆ నెల జిల్లా సమీక్షలో మా ఆఫీసు పేరు మోగిపోయింది. మిగతా ఆఫీసుల్లో కంప్యూటర్లు రోజూ ఆగుతున్నాయట, మాది ఒక్కటే ఆగకుండా నడుస్తోందట. 'నిరంతర సేవ' కింద పరబ్రహ్మం గారికి శాలువా కప్పారు. ఆయన దాన్ని తెచ్చి కంప్యూటరుకు కప్పబోతే, వేడెక్కిపోతుందని షాహీనా అల్లిక ఆపకుండానే చెప్పింది.

మంచి పేరు వచ్చినదాన్ని నలుగురూ పట్టుకుంటారు. మొదట మా ఆఫీసులో తిరగని ఫ్యాను మీద ఎవరో 'ప్రారంభమవుతోంది' అని చీటీ అంటించారు. మర్నాటినుంచి దాన్ని బాగుచేయమని ఎవరూ అడగలేదు. నీళ్ళు రాని ఫిల్టరు మీద ఇంకో చీటీ వెలిసింది. మధ్యాహ్నం పరబ్రహ్మం గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునేముందు బల్ల మీద ఒక చిన్న అట్ట నిలబెట్టుకోవడం మొదలుపెట్టారు. దాని మీద మూడు వాక్యాలూ పొందిగ్గా ఉండేవి. ఫోను మోగినా మేం లేపేవాళ్ళం కాదు. ప్రక్రియను ఆపకూడదు.

అందరికన్నా బాగా అర్థం చేసుకున్నవాడు కాంట్రాక్టరు తాతాజీ. అతను పిల్లకాలువ మీద కల్వర్టు కడుతున్నాడు. కడుతున్నాడు అంటే రెండు గోడలు లేపి, ఇనుప చువ్వలు ఆకాశానికి వదిలేసి, రెండేళ్ళుగా కనపడటం లేదు. మా సర్క్యులరు వచ్చిన వారంలో మెరుపులాగా వచ్చి, గోడకొక నీలం రేకు బోర్డు కట్టించాడు. పైన శాఖ పేరు, కింద తెల్లని అక్షరాలతో 'ప్రారంభమవుతోంది. దయచేసి వేచి ఉండండి. ఆపవద్దు.' దాంతో తనిఖీకి వచ్చిన వాళ్ళు బోర్డు చదివి, తలాడించి, జీపు తిప్పుకుని పోయేవారు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం వీరవేణి మళ్ళీ వచ్చింది. ఈసారి గడప దగ్గర ఆగలేదు. నేరుగా లోపలికొచ్చి, కొంగులోంచి ఒక గుప్పెడు నారు తీసి పరబ్రహ్మం గారి బల్ల మీద, ఆ అట్ట పక్కనే పెట్టింది. కొసలు పండిపోయి గడ్డిలా ఉంది. వేళ్ళకు అంటుకున్న మట్టి పొడిగా రాలింది.

"చూడండి బాబూ. బిందెలతో నేనెంతకని పొయ్యనండి? ఇయ్యాళో రేపో నీళ్ళు తగిల్తే సగమన్నా బతుకుద్ది. లేపోతే పోద్దండి. ఇది పోతే మళ్ళీ పోసుకోడానికి గింజ లేదండి నా దగ్గర. ఊడ్పులు దాటిపోతే ఆ కౌలు భూమి ఇంకెవరికో ఇచ్చేత్తారండి. అదుంటేనే నేను ఇక్కడ ఉండేదండి."

పరబ్రహ్మం గారు చెడ్డ మనిషి కాదు. నారు వంక చూశారు. తరవాత "నీ బాధ శాఖ దృష్టిలో ఉంది. ఒక అర్జీ పెట్టుకో" అన్నారు.

"ఇవ్వమంటే ఇచ్చేత్తానండి. ఎవరికియ్యాలండి?"

"ఇప్పుడు అర్జీలు చేతికి తీసుకోకూడదమ్మా. కంప్యూటరులో నమోదు చేయాలి. అది ప్రారంభం కాగానే..."

వీరవేణి ఏడవలేదు. ఏడిస్తే మాకు తేలికగా ఉండేది, ఓదార్చి పంపేవాళ్ళం. ఆమె ఏసురత్నం వైపు చూసింది. అతను కర్ర వంక చూసుకున్నాడు. షాహీనా వైపు చూసింది. షాహీనా అల్లిక ఒళ్ళో పెట్టేసి, "నేను చెప్పానండీ, వీళ్ళు వినలేదు" అంది. ఆ మాటకు నాకు కోపం రావాలి, కానీ సిగ్గేసింది.

బయటికి వెళుతూ వీరవేణి నోటీసు బోర్డు ముందు ఆగింది. నేనూ వెనకాలే వెళ్ళాను.

"గుమాస్తా గారూ, ఇందులో ఏం రాసుందండి? ఆ తాతాజీ గారి బోర్డు కాడికెళ్ళి అడిగితే, మీ ఆఫీసు కాయితం చూసుకోమన్నాడండి."

నా వాక్యం ఎవరైనా చదవమని అడగడం అదే మొదటిసారి. గొంతు సవరించుకుని మొదట్నుంచి చివరిదాకా చదివి వినిపించాను. 'నిర్మాణమును గాని' దగ్గర ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నిర్మాణమంటే కల్వర్టు లాంటిదాండి?"

"కల్వర్టు, వంతెన, తూము, ఏదైనా. ప్రభుత్వానిదైతే చాలు."

"ఆ మూడు మాటలూ ఉంటే ఇంక దాన్ని ఎవరూ ఆపకూడదా? పెద్ద ఇంజనీరు గారైనా?"

"ఏ స్థాయి ఉద్యోగియైనను అని ఉంది చూడమ్మా. ఆ ముక్క నేనే వేశాను."

"బాగా రాశారండి" అంది వీరవేణి. నా ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఎవరూ అనని మాట. ఆ పూట నాకు అన్నం రుచిగా ఉంది.

మర్నాడు పొద్దున ఆఫీసు తలుపు తీస్తుంటే జనరేటరు చప్పుడు కాక ఇంకో చప్పుడు వినిపించింది. గట్టు మీదికెళ్ళి చూస్తే షట్టరు నిలువెత్తు లేచి ఉంది. నీళ్ళు తెల్లగా నురగలు కక్కుతూ పిల్లకాలువలోకి దూకుతున్నాయి. తూము గట్టు మీద వీరవేణి, ఆమె వెనక శివారు ఆడా మగా కూర్చుని ఉన్నారు. రేకుల షెడ్డులో ఉండాల్సిన హ్యాండిలు వీరవేణి ఒళ్ళో ఉంది. షట్టరు ఫ్రేముకు, ఇనుప తీగతో గట్టిగా కట్టి, నీలం రేకు బోర్డు ఒకటి వేలాడుతోంది.

'ప్రారంభమవుతోంది. దయచేసి వేచి ఉండండి. ఆపవద్దు.'

కల్వర్టు వైపు చూశాను. గోడ బోసిగా ఉంది.

పరబ్రహ్మం గారు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చారు. "ఉత్తర్వు లేకుండా షట్టరెవరెత్తారు? దించండి! ఏసురత్నం, హ్యాండిలు లాక్కో!"

ఏసురత్నం కర్రతో సహా వచ్చి, బోర్డు ముందు నిలబడి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. "ఆపొద్దని రాసుందండి ఆయ్."

"అది తాతాజీ కల్వర్టుది!"

"శాఖ పేరుందండి దాని మీద" అన్నాను నేను. నిజం చెప్పడం నా బాధ్యత.

పరబ్రహ్మం గారు ఫోను చేశారు. ఎండ ముదరకముందే దక్షిణామూర్తి గారి జీపు వచ్చింది. ఆయన దిగి, ముందు నీళ్ళ వంక, తరవాత జనం వంక, ఆ తరవాత బోర్డు వంక చూశారు. బోర్డు వంక చాలాసేపు చూశారు. కిందటి నెల తాను పెట్టిన సంతకం ఆయనకు గుర్తొస్తున్నట్టు మొహంలో తెలిసింది.

"ఇది ఎప్పటికి పూర్తవుతుంది?" అని మెల్లగా అడిగారు.

వీరవేణి లేచి నిలబడి దణ్ణం పెట్టింది. "మాకెలా తెలుత్తాదండి బాబూ. అదిగో చూడండి, ఇంకా తిరుగుతానే ఉంది."

ఆమె చూపించిన చోట, తూము నోటి ముందు నీటి సుడి ఉంది. చెత్తా చెదారం, నాలుగు తుంగపోచలు, ఒక ఖాళీ సీసా, గుండ్రంగా తిరుగుతున్నాయి. దక్షిణామూర్తి గారు వాటిని కళ్ళార్పకుండా చూశారు. మా కంప్యూటరు తెరను తనిఖీ చేసినప్పుడు కూడా ఆయన సరిగ్గా అలాగే చూసి, అంతా సవ్యంగా ఉందని రాసి వెళ్ళారు.

"సార్, దించేయమంటారా?" అన్నారు పరబ్రహ్మం గారు.

"మీరు సర్క్యులరు చదవలేదా?" అన్నారు దక్షిణామూర్తి గారు. ఆయన సంతకాన్ని ఆయనే కాదంటే, రేపు దానికింద ఉన్న సంతకాలన్నీ ఏమైపోతాయి? గంభీరంగా నోరు విప్పి, ఆ ఏడాదికి సరిపడా మాట్లాడారు. "ప్రక్రియ ప్రారంభమైంది. దీన్ని ఆపే అధికారం నాకు లేదు, మీకు అసలే లేదు. ఎవరూ ఆపకుండా ఇక్కడ కాపలా పెట్టండి."

"కంప్యూటరు దగ్గర కాపలా..."

"ఒక్కడే లస్కరు. ఏది పెద్దదో మీరే చూడండి."

ఏసురత్నం కర్ర భుజాన వేసుకుని తన పాత చోటికి వచ్చి నిలబడ్డాడు. వాడి మొహంలో అంత వెలుగు నేను జీతాల రోజు కూడా చూడలేదు. జీపు ఎక్కబోతూ దక్షిణామూర్తి గారి చూపు కల్వర్టు మీద పడింది. బోర్డు లేదు కాబట్టి చువ్వలు కనిపించాయి. "ఇదేంటి, ఇంతవరకూ పూర్తి కాలేదు?" అన్నారు. తాతాజీకి ఆ సాయంత్రమే నోటీసు వెళ్ళింది. మర్నాడు కల్వర్టు దగ్గర కాంక్రీటు మిషను చప్పుడు మొదలైంది.

నీళ్ళు ఆ మధ్యాహ్నానికే వీరవేణి ఆకుమడిలోకి ఎక్కాయి. సగం నారు పోయింది. మిగతా సగం నాలుగు రోజుల్లో తల ఎత్తింది. నేను చూడ్డానికి వెళ్ళలేదు, కానీ కిటికీ రెక్క తెరిపించాను.

కథ ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ కంప్యూటరు పక్కన కర్ర పట్టుకున్న మనిషి లేకపోవడం షాహీనా గమనించింది. పరబ్రహ్మం గారు అట్ట నిలబెట్టుకుని కళ్ళు మూసుకున్న ఒక మధ్యాహ్నం, ఆమె స్వెటరు సంచీలో పెట్టుకుని లేచింది. కంప్యూటరు వెనక్కి చెయ్యి పోనిచ్చి, పెన్ డ్రైవు లాగి, మీట నొక్కి పట్టుకుంది. తెర నల్లబడింది. మళ్ళీ నొక్కింది. నేను అరుద్దామనుకున్నాను, కానీ అరిస్తే పరబ్రహ్మం గారి ప్రక్రియ ఆగిపోతుంది. చుక్కలు కాసేపు తిరిగి మాయమయ్యాయి. తెర నిండా రంగురంగుల బొమ్మలు వచ్చేశాయి. ప్రింటరు గురగురలాడి ఒక కాగితం బయటికి కక్కింది.

ఆ చప్పుడుకు పరబ్రహ్మం గారు లేచారు. "ఎవరు ఆపారు?" అని కేకేశారు.

"ఎవరూ ఆపలేదు సార్. ప్రారంభం పూర్తయింది" అంది షాహీనా. పెన్ డ్రైవును ఆయన శాలువా మీద భద్రంగా పెట్టి, హాజరు పట్టీలో ఆఖరి సంతకం చేయించుకుని వెళ్ళిపోయింది.

మేం కాగితం చదువుకున్నాం. మొగలిపాయ తూము షట్టరును తక్షణం తెరవవలెనని విడుదల ఉత్తర్వు. పరబ్రహ్మం గారు కళ్ళకద్దుకున్నారు. ఆ వెంటనే తల పట్టుకున్నారు.

"ఏమయ్యా, తెరిచి ఉన్న షట్టరును తెరవడం ఎలా?"

"ముందు మూసి, తరవాత తెరవాలండి."

"మూయడానికి వీల్లేదు కదా."

"వీల్లేదండి."

"తెరవకపోతే ఉత్తర్వును ధిక్కరించినట్టు."

"అవునండి."

ఆయన గదంతా పచార్లు చేసి, చివరికొక దారి వెతికారు. బోర్డు కట్టింది వీరవేణి కాబట్టి, ఆమె తనంతట తానే బోర్డు విప్పితే, ఒక్క నిమిషం షట్టరు దించి, ఉత్తర్వు ప్రకారం మళ్ళీ ఎత్తేయొచ్చు. అప్పుడు రికార్డు శుభ్రంగా ఉంటుంది. ఆమెను ఒప్పించి రమ్మని, ఉత్తర్వు నకలు ఇచ్చి నన్ను పంపారు.

గట్టు దిగి, పిల్లకాలువ పక్కనుంచి నడిచాను. నీళ్ళు గలగలమంటూ నాతోపాటే వస్తున్నాయి. శివారులో ఊడ్పులు జరుగుతున్నాయి. ఆడవాళ్ళు వరసగా వంగి, చేతిలో నారు కట్టలతో వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. వాళ్ళ మధ్య వీరవేణిని పోల్చుకోవడానికి నాకు కాస్త టైము పట్టింది. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, మోచేతుల దాకా బురదలో ఉంది. గట్టు మీద నిలబడి, కాగితం విప్పి, విషయమంతా శాఖాపరమైన భాషలో వివరించాను. ప్రారంభం, ఉత్తర్వు, ఒక్క నిమిషం మూత, రికార్డు, అన్నీ చెప్పాను.

ఆమె వంచిన నడుం ఎత్తలేదు. చేతిలోని నారు పాయ తీసి, బురదలో గుచ్చి, వేళ్ళతో అదిమి, ఇంకో పాయ తీసింది.

"అలాగేనండి గుమాస్తా గారూ. ఏఈ గారిని దయచేసి వేచి ఉండమన్నానని చెప్పండి."